రెండో కుండ

నా తమ్ముడు భిక్షం గడప అవతలే నిలబడ్డాడు. అతని భార్య గుర్వమ్మ వెనకాల ఖాళీ సంచి చంకన పెట్టుకుని నిలబడింది.

"రెండు కుండలు ఖాళీ చేసినవా అన్నా?" అని అడిగాడు.

చేశానన్నాను.

"రెండూ?"

"రెండూ."

మా అమ్మ ఉప్పలమ్మ పొయ్యి ముందు కూర్చుని, ఆరిపోయిన బూడిదను పుల్లతో కెలుకుతోంది. మా వైపు తిరగలేదు.

మూడేళ్లలో భిక్షం ఈ గడపను ఒక్కసారే దాటాడు. నెల కిందట, నల్లగొండ దవాఖాన నుంచి నా భార్య అరుణమ్మ శవాన్ని బండిలో తెచ్చిన రోజున. తల వైపు అతను పట్టాడు, కాళ్ల వైపు నేను పట్టాను. ఆమెను మట్టి చేసి వచ్చాక అతను మళ్లీ గడప అవతలికి వెళ్లిపోయాడు.

మా వాడలో ప్రతి ఇంట్లో దేవుని కుండ ఒకటి ఉంటుంది. జొన్నలు విసరడానికి కూర్చునే ముందు ఇంటి ఆడమనిషి ఒక పిడికెడు తీసి అందులో వేస్తుంది. పస్తులున్న రోజున తప్ప ఆ పిడికెడు తప్పదు. నెల మొదటి ఆదివారం ఆ గింజలను గుడికి మోసుకుపోయి సిలువ ముందున్న గంపలో పోస్తారు. పాస్టరు గారి ఇల్లు ఆ గంపతోనే గడుస్తుంది.

పోయిన ఆదివారం ఆ పని నేను చేయాల్సి వచ్చింది. గూట్లో కుండ కనబడింది. విసుర్రాయి వెనక, చేట కింద, ఇంకొకటి కనబడింది. అదీ నిండుగానే ఉంది. మొదటిది నిండితే రెండోది పెట్టుకుందేమో అనుకున్నాను. అంత పోగు చేసిందా అనుకున్నాను. రెండింటినీ ఒకే సంచిలో పోసి, భుజాన వేసుకుని గుడికి తీసుకుపోయాను. పాస్టరు గారు ఆమె పేరు చెప్పి ప్రార్థన చేశారు. నేను తల ఎత్తలేదు.

ఆ రెండో కుండ గుడిది కాదట. మూడేళ్ల కిందట గుడి విడిచిపోయిన పదకొండు ఇళ్లది. వాళ్లు భిక్షం ఇంటి పెరట్లో పాక వేసుకుని, దాన్ని సహవాసం అని పిలుచుకుంటున్నారు. జీతం పాస్టరు మాకు వద్దు, ప్రభు బల్ల రొట్టె మేమే విరుచుకుంటాం అన్నారు. రొట్టె విరిచేది పాస్టరు చేయి మాత్రమే అని గుడివాళ్లు అన్నారు. అంతే, వాడ రెండయింది. ఆనాటి నుంచి అరుణమ్మ ఆ పాకకు కూడా ఒక పిడికెడు తీసిపెడుతూ వచ్చింది. నెలకోసారి గుర్వమ్మ వెనక దారిన వచ్చి తీసుకుపోయేది. పొరుగూరి నుంచి ప్రార్థన కూటానికి వచ్చేవాళ్లకు ఆ గింజలు విసిరి, రవ్వను గట్కగా వండేవారు.

ఈసారి గుర్వమ్మ మంగళవారం వచ్చింది. కుండ అడుగు కనబడింది. బావి దగ్గర ఏడ్చింది. గురువారానికి వాడ రెండు సగాలకూ సంగతి తెలిసిపోయింది.

ఇంట్లో ఉన్న జొన్నలు కొలిచి ఇస్తానని భిక్షంతో అన్నాను.

"నీ జొన్నలు మాకెందుకన్నా. వదినె చేతివి కావాలె."

"ఆమె చేతివి ఇంక లేవు భిక్షం."

అతను కళ్లు దించుకున్నాడు. గుర్వమ్మే మాట అందుకుంది. ఆమెకు ఏడుపైనా నవ్వైనా దాచుకోవడం రాదు.

"పాస్టరు కడుపుల వడ్డయి గద బావా. గట్లయితే ఈ ఆదివారం పాస్టరునే మా కూటానికి తోలియ్యి. లోపలున్నయి మావే."

అమ్మ చేతిలో పుల్ల ఆగింది. ఆమె నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు.

"శనివారం ఒస్తరా రారా, గది చెప్పున్రి" అంది, పొయ్యి వైపే చూస్తూ.

శనివారం అరుణమ్మ జ్ఞాపకార్థ కూడిక. కొడుకులిద్దరూ ఒక్క విస్తరి వరసలో కూర్చోవాలని అమ్మ పదిరోజులుగా అడుగుతోంది. వేరే ఏదీ అడగలేదు. పాస్టరు ప్రార్థన చేస్తే తన వాళ్లు రారని, వాళ్లు రాకుండా తానొక్కడే వచ్చి తింటే రేపు ఎవరి మొహమూ చూడలేనని భిక్షం నెమ్మదిగా చెప్పాడు. అతని గొంతులో కోపం లేదు.

వాళ్లు వెళ్లిపోయాక అమ్మ రెండో కుండను తీసి, బోర్లించి, అడుగు తట్టింది. నాలుగు గింజలు రాలాయి. వాటిని ఏరి కొంగున కట్టుకుంది.

*

ఆ మధ్యాహ్నం మైసయ్య మామ నేను పాఠం చెప్పే బడికి వచ్చాడు. మా అమ్మకు తమ్ముడు, గుడికి పెద్ద. పిల్లలు ఏడో ఎక్కం చెబుతున్నారు. ఆయన లోపలికి రాకుండా, ఎండలో గొడుగు ముడిచి పట్టుకుని, ఎక్కం అయిపోయేదాకా నిలబడ్డాడు. చదువుకోలేదు గాని చదువు జరిగే చోట చెప్పులు వేసుకోడు.

పిల్లలను పలకలు పట్టమని చెప్పి నేను బయటికి వెళ్లాను.

"నిజమేనా యాదయ్యా?"

నిజమే అన్నాను.

"మూడేండ్లా?"

"అంతే అంటున్నారు."

"నీకు తెల్వదా?"

తెలియదన్నాను. ఆయన నా మొహం చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఇల్లు నీది, పొయ్యి నీది. గుడి పుస్తకం రాసేటోనివి. నీకు తెల్వదంటే ఎవలు నమ్మాలె?"

ఎవరు నమ్మకపోయినా నాకు తెలియదని మళ్లీ చెప్పాను. ఆయన తల ఊపాడు. నమ్మినట్టే ఉన్నాడు. నమ్మినా ఆయన చెప్పాల్సింది మారలేదు. పెద్దలు కూర్చున్నారట. శనివారం సహవాసంవాళ్లు కూడిక పందిట్లో అడుగు పెడితే పాస్టరు గారు రారట. అది చెప్పడానికి వచ్చాడు. ఇంకొకటి అడగడానికీ వచ్చాడు.

"పుస్తకంల అరుణమ్మ పేరు పక్కకు రాసినవా?"

మా సంఘ పుస్తకంలో ఎవరైనా పోతే, వాళ్ల పేరు పక్కన తేదీ వేసి 'ప్రభువునందు నిద్రించెను' అని రాస్తాను. పన్నెండేళ్లుగా రాస్తున్నాను. మా అమ్మమ్మకు నేనే రాశాను. నా బిడ్డకు నేనే రాశాను. అరుణమ్మ పేరు ఉన్న పేజీని మాత్రం ఈ నెలలో నాలుగుసార్లు తెరిచి మూశాను.

రాయలేదని చెప్పాను.

"రాయకు. పెద్దలు మళ్ల కూసున్నంక చూద్దాం."

ఆయన వెళ్లబోయి ఆగాడు. గొడుగు కొనతో నేల మీద గీతలు గీశాడు.

"రజాకార్ల గడబిడల మా బాపు గా గుడి తలుపుకు అడ్డం పన్నడు. నేను ఒక్కొక్క రాయి నెత్తి మీద మోసిన. గీ పదకొండు ఇండ్లోళ్లు లేసిపోయిన్నాడు, నీకు ఎట్లుండెనో గాని, నాకు సగం గోడ కూలినట్టుండె. నీ పెండ్లాం ఆ కూలగొట్టినోళ్లకు గింజలు పోసింది. నాకు నొయ్యదా?"

నొస్తుంది మామా అన్నాను. ఆయన చెప్పులు వేసుకుని, ఇంటి వైపు కాకుండా గుడి వైపు నడిచాడు.

లోపల పిల్లలు ఎనిమిదో ఎక్కం తమంతట తామే మొదలుపెట్టారు. నేను కాసేపు బయటే ఉన్నాను.

*

బడి వదిలి ఇంటికి వచ్చేసరికి అమ్మ రెండు కుండలనూ కడిగి ఎండలో బోర్లించింది. మామ వచ్చిన సంగతి చెప్పాను. పేరు పక్కన రాయొద్దన్నాడని కూడా చెప్పాను. ఆమె కుండల తడి చూస్తూ విన్నది.

ఒక్కటే అడగాలనుకున్నాను. రెండో కుండ సంగతి నీకు తెలుసా అని అడిగాను.

తెలుసునంది.

"ఎప్పటి నుంచి పెట్టింది?"

అమ్మ నా వైపు చూసింది. ఈ నెలలో ఆమె నన్ను సూటిగా చూడడం అదే మొదటిసారి.

"నువ్వు పేర్లు కొట్టేసి వచ్చిన దినం నుంచి."

ఆ రోజు నాకు గుర్తుంది. పెద్దలు చుట్టూ కూర్చున్నారు. పుస్తకం నా ముందు పెట్టారు. విడిచిపోయిన పదకొండు ఇళ్లవాళ్ల పేర్లు, పిల్లలతో కలిపి ముప్పై ఒకటి. నేను రూళ్లకర్ర పెట్టి ఎర్ర సిరాతో గీతలు కొట్టాను. వంకర పోకుండా కొట్టాను. గీత అంటే నీ చేయిదే అని మామ మెచ్చుకున్నాడు. పదిహేడో పేరు నా తమ్ముడిది. ఇంటికి వచ్చాక, భిక్షం పేరు కూడా నువ్వే కొట్టావా అని అరుణమ్మ అడిగింది. రాసేవాణ్ణి నేనే కదా అన్నాను. ఆమె మరి మాట్లాడలేదు. చేట తీసుకుని విసుర్రాయి దగ్గరికి వెళ్లింది. ఆ మౌనం అలసట అనుకున్నాను.

"ఒక పిడికెడు గూట్ల కుండల ఏసింది" అంది అమ్మ. "ఇంకో పిడికెడు తీసి కొంగుల పోసుకున్నది. గిదెందుకే అంటే, ఆయన కొట్టేసినోళ్లకు అత్తా అన్నది."

నేను గోడకు ఆనుకున్నాను.

"నాకెందుకు చెప్పలేదు?"

"నేనూ అడిగిన. చెప్తే రేపు మామ ముంగట ఆయన అబద్ధం ఆడాల్సొస్తది, ఆయనకు అబద్ధమాడుడు రాదు అన్నది."

మధ్యాహ్నం మామ నా మొహం చూసి నమ్మాడు. ఎందుకు నమ్మాడో ఇప్పుడు అర్థమైంది. మూడేళ్ల కిందటే అరుణమ్మ ఆ చూపు కోసం నన్ను సిద్ధం చేసి పెట్టింది.

అమ్మ నాకు ఏడవడానికి సమయం ఇవ్వలేదు. ఆమె ఎండలోంచి ఒక కుండ తెచ్చి నా ముందు పెట్టింది. రెండింటిలో అది ఏదో నాకు తెలియలేదు. కొంగు ముడి విప్పి, పొద్దున ఏరిన నాలుగు గింజలు అందులో వేసింది.

"ఇవి అరుణమ్మవి. ఇప్పుడు నువ్వెయ్యి."

నేను ఒక పిడికెడు వేశాను.

"లెవ్వు. వాడంత తిరుగుదాం. ఇంటికో పిడికెడు. గదే శనివారం వండుదాం."

బియ్యం వండాలనుకున్నాం కదా అన్నాను. అరుణమ్మ ఎన్నడు బియ్యం తిన్నదని ఆమె అడిగింది. పండగకు తప్ప తినలేదు. గట్క తిని బతికిన పిల్లకు గట్కతోనే కూడిక చేస్తానంది. పిడికెడు గింజలు వేసినవాళ్లు ఆ గట్కకు రాకుండా ఎట్లా ఉంటారో చూస్తానంది.

నేను కుండ ఎత్తుకోబోయాను. ఆమె పట్టనివ్వలేదు.

"కుండ నేను మోస్త. నీకు వేరే పని ఉన్నది. ఏ పేర్లు కొట్టేసినవో గా పేర్లు పెట్టి పిలువాలె. ఒక్కొక్క ఇంటి ముంగట. ఒక్కటి గూడ మరువద్దు."

మరిచిపోయే పేర్లయితే బాగుండేది. రోజూ పొద్దున్నే నలభై పేర్లు పిలిచేవాణ్ణి నేను. ఆ ముప్పై ఒకటి వరస తప్పకుండా నాకు వచ్చు.

*

మొదటి ఇల్లు దశరథంది. గుమ్మం ముందు నిలబడి అతని పేరు పిలిచాను. అతని భార్య బిక్షమ్మ పేరు పిలిచాను. ముగ్గురు పిల్లల పేర్లు పిలిచాను. దశరథం బయటికి వచ్చి, నన్ను చూసి, కుండను చూసి, మా అమ్మను చూశాడు. శనివారం అరుణమ్మకు గట్క వండుతున్నామని, ఒక పిడికెడు కావాలని అమ్మ చెప్పింది. అతను పెళ్లాం వైపు తిరిగాడు. బిక్షమ్మ అప్పటికే లోపలికి వెళ్లింది. పచ్చజొన్నలు తెచ్చి వేసింది.

మల్లన్న ఇంట్లో సజ్జలు వేశారు. ఇంకో ఇంట్లో నూకలు వేశారు. ఉన్నవి అవే. రెండు ఇళ్లవాళ్లు మాట్లాడకుండా వేశారు.

ముసలి నర్సింగమ్మ మాత్రం తలుపు సగమే తీసింది. ఆమెకు ఎవరూ లేరు. పుస్తకంలో ఆమె ఇంటికి ఒకే పేరు.

"పంతులూ, మల్ల కొట్టేయనీకి వచ్చినవా?"

"లేదు పెద్దమ్మా. పిలవడానికి వచ్చిన."

"ఏమని పిలుస్తవ్?"

"నర్సింగమ్మ అని."

మళ్లీ పిలవమంది. పిలిచాను. లోపలికి వెళ్లి ఎంతసేపటికీ రాలేదు. వచ్చినప్పుడు ఆమె పిడికిట్లో ఉన్నవి పెసలు. విత్తనాలకు దాచుకున్నవి.

భిక్షం ఇంటి ముందు అతని పేరు సగంలోనే ఆపేశాను. అమ్మ నా వైపు చూడలేదు. రెండోసారి పిలిచాను. అతను వచ్చి, రెండు చేతులతో వేయబోయి, ఆగి, ఒక పిడికెడే వేశాడు. శనివారం వస్తాడో రాడో చెప్పలేదు. కుండ బరువెక్కి అమ్మ దాన్ని నడుముకు ఆనించుకుంది. గుర్వమ్మ వచ్చి అటువైపు అంచు పట్టుకుంది. ఎవరూ పట్టమనలేదు. భిక్షం మా వెనక పది అడుగుల దూరంలో నడవడం మొదలుపెట్టాడు.

గుడివాళ్ల ఇళ్ల వైపు తిరిగేసరికి పొద్దు వాలుతోంది. అక్కడ నేను పేర్లు పిలవాల్సిన పని లేదు. అయినా పిలిచాను. వాళ్లు గుర్వమ్మ చేతిని చూశారు. ఒకామె పిడికెడు తెచ్చి, కుండలో ఏమున్నాయో చూసి, ఇవన్నీ కలిస్తే ఉడుకుతాయా అని అడిగింది. విసిరితే అన్నీ ఉడుకుతాయని అమ్మ చెప్పింది. ఆమె వేసింది. పక్కింటి తలుపు మేము వెళ్లేసరికి మూసి ఉంది. లోపల దగ్గు వినిపించింది. అమ్మ ఆ గుమ్మం ముందు కాసేపు నిలబడి, ముందుకు నడిచింది.

చివరిది మైసయ్య మామ ఇల్లు.

ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. వాడంతా తిరిగి వచ్చామని ఆయనకు ఎప్పుడో తెలిసి ఉంటుంది. లేవలేదు.

"తమ్మీ, ఒక పిడికెడు" అంది అమ్మ.

"ఎవలెవలు ఏసిన్రు?"

"యాదయ్య చెప్తడు."

నేను చెప్పాను. వేసిన ఇళ్ల పేర్లన్నీ, ఇటువి అటువి, నడిచిన వరసలోనే చెప్పాను. అది బడిలో హాజరు పిలిచినట్టే ఉంది. ఒక్కొక్క పేరుకు మామ కళ్లు ఒకసారి కదిలాయి. నర్సింగమ్మ పేరు దగ్గర, ముసల్ది కూడానా అన్నాడు. కూడా అన్నాను. మొదట వేసింది ఎవరని అడిగాడు.

"అరుణమ్మ" అన్నాను.

ఆయన లేచి లోపలికి వెళ్లాడు. తలుపు వేసుకోలేదు. లోపల మూత తీసిన చప్పుడు వినిపించింది. అమ్మ కుండను కొంచెం ముందుకు జరిపింది.

మామ పిడికిలి బిగించుకుని వచ్చాడు. చేయి కుండ మీదికి చాపాడు. అప్పుడు అంచు మీద ఉన్న గుర్వమ్మ వేళ్లను చూశాడు. ఆమె వెనక, గోడ పక్కన నిలబడ్డ భిక్షంను చూశాడు. చేయి అక్కడే ఆగిపోయింది. తెరవలేదు. వెనక్కి తీసుకోలేదు.

గుర్వమ్మ అంచు వదలబోయింది. అమ్మ కళ్లతోనే వద్దంది.

వాడలో ఎవరో దూడను పిలుస్తున్నారు. నార్కట్‌పల్లి బస్సు రోడ్డు మీద పోయింది. దాని మోత తగ్గేదాకా ఎవరం కదలలేదు.

"దించు తమ్మీ" అంది అమ్మ. "చెయ్యి నొస్తది."

ఆయన పెదవి కదిలింది. బిగించిన వేళ్లు వణికాయి. ఆ సందులోంచి ఒక్క జొన్న గింజ జారి కుండలో పడింది.

మామ వంగి, దాని కోసం కుండలోకి చూశాడు. మిగతా గింజల్లో అది ఏదో తెలియలేదు.